భగ్నహృదయుల మైత్రి

మగవాడు కంట నీరు పెట్టరాదని మన యిండ్లలో బాలురకు చిన్ననాటనే నేర్పుదుము. ఆ బాలుడు పెద్దవాడై స్నేహితుల నడుమ రాజకీయములు మాటాడును, పంటలు ధరలు మాటాడును. తన గుండెలోని గుబులు మాత్రము ఎవ్వరికిని చెప్పడు. దీనికి మనము ధైర్యమని పేరు పెట్టితిమి. ఇది ధైర్యమా, భయమా?

క్రైస్తవ మతమున ఈ ప్రశ్నకు విలక్షణమైన సమాధానము కలదు. కొరింథీయులకు వ్రాసిన రెండవ లేఖలో పౌలు తన దౌర్బల్యమును దాచుకొనక, దానినే దైవబలమునకు తావుగా చెప్పుకొనెను. ఆ బోధ స్నేహమున నెట్లు ఫలించునో ఇంగ్లండు దేశమున ఇద్దరి జీవితములు తెలుపుచున్నవి.

జాన్ న్యూటను 1748లో సముద్రమున తుపానుకు చిక్కి దైవమును ఆశ్రయించెను. అయినను పిమ్మట బానిసలను గొనిపోవు ఓడలకు నాయకుడై, 1754లో వ్యాధి వచ్చువరకు ఆ వృత్తి మానలేదు. 1764లో ఓల్నీ యను చిన్న యూర మతగురువయ్యెను. విలియం కూపరు కవి. 1763లో మతి చలించి ఆత్మహత్యకు యత్నించి, చికిత్సాలయమున నుండి కోలుకొని, 1767లో ఆ యూరు చేరెను. ఒకడు పాపభారము నెరిగినవాడు. మరియొకడు మనోవ్యాధి నెరిగినవాడు. ఇరువురును గూడి భక్తిగీతములు రచించిరి.

1773లో కూపరునకు వ్యాధి తిరుగబెట్టెను. దేవుడు తన్ను త్యజించెనని నమ్మి, న్యూటను ఇంట సంవత్సరమునకు పైగా నుండెను. ఎన్ని బోధలును ఆ నమ్మకమును పోగొట్టలేకపోయినవి. ఆపైన కూపరు మరల దేవాలయ ప్రార్థనలకు పోలేదు. అయినను 1779లో తమ గీతములను ప్రకటించుచు, న్యూటను వానిని తమ స్నేహమునకు స్మారకముగా పీఠికలో పేర్కొనెను. తానొకప్పుడు మునిగిపోవుచుండినవాడనని మరువనివాడు మునుగుచున్నవానిని ఒడ్డున నిలిచి మందలింపడు. మిత్రుని బాగుచేయలేకున్నను విడువకుండుటయే ఆ స్నేహబలము.

కాని యొక హెచ్చరిక యవసరము. కన్నీరు తనంతట తాను గుణము కాదు. దానిని ప్రదర్శించుటయు నొక గర్వమే. న్యూటను తన పాపమును దేవునియెదుట ఎంత యొప్పుకొనినను, ఆ పాపమువలన నష్టపడినవారు ఆఫ్రికా జనులు. వారి పక్షమున తన నేరమును లోకమునకు తెలుపుచు ఆతడు గ్రంథము ప్రకటించినది 1788లో. అనగా ఓడ విడిచిన ముప్పదినాలుగేండ్లకు. ఈ యాలస్యము చిన్న దోషము కాదు. మిత్రునియొద్ద ఊరట పొంది, బాధితునియెడ మౌనము వహించు పశ్చాత్తాపము సగము పశ్చాత్తాపమే.

ఈ విషయమున నాకును స్వానుభవము కలదు. కొన్నియేండ్ల క్రిందట తోటి ఉపాధ్యాయునకు పుత్రశోకము కలుగగా, నేను పోయి శ్లోకములు చదివి వైరాగ్యము బోధించితిని. ఆయన తలవంచుకొని వినెను. కొన్నాళ్లకు, నా తమ్ముడు పోయిన రాత్రి నేను ఇంటికి పోవ భయపడి వీధులవెంట తిరిగిన సంగతి ఆయనకు చెప్పితిని. అప్పుడాయన నా చేయి పట్టుకొని యేడ్చెను. నా శ్లోకములకు తెరువని తలుపు నా భయమునకు తెరచుకొనెను.

మన బాలురకు కన్నీరు ఆపుకొనుట నేర్పితిమి. ఎవరియెదుట ఆపుకొననక్కరలేదో యట్టి యొక్క మిత్రుని సంపాదించుటయు, అట్టి మిత్రుడగుటయు నేర్పవలదా?