అలకనంద ఆకాశంలోనూ ఉంది

ఈ వారం వీడియోలో సమయం చాలక సగంలో ఆపేసిన విషయాన్ని ఇక్కడ పూర్తి చేస్తాను. దానికంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

రెండేళ్ళ కిందట ఒక వీడియోలో సూర్యుడి నుంచి ఓంకారం వస్తోందని, దాన్ని నాసా రికార్డు చేసిందని చెప్పాను. వాట్సాప్‌లో వచ్చింది, వినడానికి బాగుంది, చెప్పేశాను. మీలో చాలామంది షేర్ కూడా చేశారు. మొన్న కార్తీకంలో ఒక అపార్ట్‌మెంట్‌లో సత్సంగం అయ్యాక ప్రసాదం పంచుతుంటే, ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదివే ఒకమ్మాయి దగ్గరకొచ్చి మెల్లగా అంది: "గురువుగారూ, మీ మాట నమ్మి హాస్టల్లో గట్టిగా వాదించాను. అందరూ నవ్వారు. అది పర్లేదు. కానీ ఇప్పుడు మీరు గీత గురించి చెప్తున్నా, ఇదీ అలాంటిదేనేమో అనిపిస్తోంది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ధర్మాన్ని నిలబెడుతున్నాననుకుంటూ, ఆ పిల్లకి గీత మీదే అనుమానం తెప్పించాను!

అసలు సంగతి ఇది. సూర్యుడు కంపిస్తూ ఉంటాడు, అది నిజమే. శాస్త్రవేత్తలు ఆ కంపనాల్ని వేల రెట్లు వేగం పెంచి మన చెవికి అందే శబ్దంగా మార్చారు. వింటే ఒక గుయ్‌మనే మోత. అందులో ఓంకారం ఉందన్నది మనం కలుపుకున్న మాట. ఆ వీడియో తీసేశాను. ఆ తర్వాత ఖగోళ శాస్త్రం గురించి ఏది చెప్పాలన్నా ముందు కూర్చుని చదువుతున్నాను. అలా చదువుతుంటేనే అలకనంద కనిపించింది.

బదరీనాథ్ యాత్ర చేసినవాళ్ళకి అలకనంద నది తెలుసు. కేదారం నుంచి వచ్చే మందాకిని రుద్రప్రయాగలో దానితో కలుస్తుంది. 2025 నవంబరులో పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ రేడియో ఆస్ట్రోఫిజిక్స్‌కి చెందిన రాశీ జైన్, యోగేశ్ వాడదేకర్ అనే ఇద్దరు పరిశోధకులు తాము కనిపెట్టిన గెలాక్సీకి ఈ పేరే పెట్టారు. మన పాలపుంతని హిందీలో మందాకిని అంటారు కాబట్టి, దాన్ని పోలిన ఈ దూరపు తోబుట్టువుకి అలకనంద అని పేరు. ఎంత ముచ్చటగా పెట్టారో చూడండి!

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన చిత్రాల్లో అది దొరికింది. మధ్య దారిలో ఏబెల్ 2744 అనే గెలాక్సీల గుంపు ఉంది. దాని గురుత్వాకర్షణ భూతద్దంలా పనిచేసి వెనకున్న అలకనందని మరింత కాంతిమంతంగా చూపించింది. ఆ వెలుగు మనల్ని చేరడానికి దాదాపు 1,200 కోట్ల సంవత్సరాలు పట్టింది. అది బయల్దేరినప్పుడు మన భూమి లేదు, సూర్యుడూ లేడు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళు అనుకుంటే, అప్పటికి నిండింది ఓ 150 కోట్లు మాత్రమే. అంత లేత వయసులో గెలాక్సీలు గజిబిజిగా, ముద్దలు ముద్దలుగా ఉంటాయని అనుకునేవారు. వాయువు పళ్ళెంలా చదునుగా సర్దుకోవాలి, ఆ తర్వాత చేతులు తిరగాలి, దానికి చాలా కాలం కావాలి కదా. కానీ అలకనంద అప్పటికే రెండు చేతులు చక్కగా చుట్టుకుని, దాదాపు 30,000 కాంతి సంవత్సరాల వెడల్పున, వెయ్యి కోట్ల సూర్యుళ్ళంత నక్షత్ర సంపదతో కూర్చుని ఉంది. ఇంత త్వరగా ఎలా? కారణం ఇంకా వెతుకుతున్నారు.

"ఇది మన పురాణాల్లో ఎప్పుడో ఉంది కదా గురువుగారూ" అని ఎవరో ఒకరు అడుగుతారు, నాకు తెలుసు. లేదు నాయనా. లేదు అని చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. బ్రహ్మకి ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, భూమి వయసు దాదాపు 454 కోట్లు, దగ్గరగా ఉన్నాయి కదా అని నేనూ చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణే. కానీ రాళ్ళలోని యురేనియంని లెక్కగట్టి తేల్చిన అంకె వేరు, ధ్యానంలో కాలాన్ని భావించిన అంకె వేరు. ఒకదానికి ఇంకోదాని సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఋషులకి టెలిస్కోప్ లేదు. వాళ్ళ దగ్గర ఉన్నది మరొకటి. ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం, నాసదీయం, ఏడే మంత్రాలు. సృష్టి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతుంది. దేవతలు కూడా సృష్టి తర్వాతే వచ్చారు కాబట్టి వాళ్ళనీ అడగలేం అంటుంది. చివరికి పైనుండి చూసేవాడికైనా తెలుసో లేదో అన్న సందేహంలోనే వదిలేస్తుంది. వేదంలో, దేవుణ్ణి స్తుతించే చోట, ఇంత ధైర్యమైన సందేహం! దాన్ని పూజ్యంగా దాచుకున్న సంప్రదాయం మనది. అలాంటప్పుడు ఒక కొత్త గెలాక్సీ దొరికితే మనం ఎందుకు కంగారుపడి ముందే తెలుసని అనాలి?

ఇంకోటి. పూజకి ముందు సంకల్పం చెప్తాం కదా. చాలామంది పంతులుగారి వెనకాల గొణిగేసి ఊరుకుంటారు, మీరు ఫోన్ చూసుకుంటూ ఉంటారు (కోప్పడటం లేదు, నేనూ చూశాను). అందులో ముందు కల్పం, మన్వంతరం, యుగం వస్తాయి. తర్వాత శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ నదుల మధ్య ఉన్నాం. అన్నీ అయ్యాక చిట్టచివర మన గోత్రం, మన పేరు. అంత పెద్ద కాలం, అంత పెద్ద చోటు చెప్పుకున్నాక గానీ "నేను" అనే మాట రాదు. అలకనంద గురించి చదివాక నేను మన్వంతరం అన్న దగ్గర ఒక క్షణం ఆగుతున్నాను. 1,200 కోట్ల ఏళ్ళు నడిచొచ్చిన వెలుగు గుర్తొస్తుంది. ఆ తర్వాత నా పేరు చెప్పుకునేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతోంది.

ఇదంతా ఆ అమ్మాయికి ఫోన్‌లో చెప్పాను. విన్నాక, "మరి ఆ భూతద్దం వల్ల గెలాక్సీ ఆకారం వంకర కాదా గురువుగారూ?" అని అడిగింది. నాకు తెలీదమ్మా అన్నాను. నవ్వి, "వచ్చే ఆదివారం నేను చెప్తాను, సత్సంగంలో మైకు ఇవ్వండి" అంది.

ఇస్తున్నాను. సాయంత్రం ఆరింటికి. నాసదీయ పారాయణం అయ్యాక ఆమె మాట్లాడుతుంది, నేను మీతోపాటు కింద కూర్చుంటాను.