తలుపు తెరుచుకునేంత దూరం

మామూలు ట్రాఫిక్ కన్నా నెమ్మదిగా పోయే సైకిలు వీలైనంత కుడివైపునే పోవాలంటుంది కాలిఫోర్నియా చట్టం. కుడివైపున ఉండేవేమో వరసగా ఆపిన కార్లు. ఎవరో ఫోను చూసుకుంటూ తలుపు తీస్తే చాలు. చూసుకోకుండా తీయడం తప్పేనని వెహికిల్ కోడ్ 22517వ సెక్షన్ ఉంది. కానీ సెక్షన్ వచ్చేది మనిషి పడ్డాకే కదా! అందుకే 21202వ సెక్షన్‌లో మినహాయింపు పెట్టారు: ప్రమాదం తప్పించుకోడానికి రోడ్డు మధ్యకి జరగొచ్చు.

నేను తలుపు తెరుచుకునేంత దూరం వదిలి తొక్కుతాను. వెనక కారాయన హారన్ కొడతాడు. నా చిక్కంతా ఇక్కడే. ఎవరైనా వస్తుంటే పక్కకి తప్పుకోవడం మర్యాదని నేర్చుకుని పెరిగినవాళ్ళం. హారన్ వినగానే హ్యాండిల్ దానంతటదే పక్కకి లాగుతుంది. (వినయం అనుకుంటాం గానీ, అందులో సగం భయమే.) నేను జరిగితే ఆయనకి మిగిలేది అర నిమిషం, నేను పణం పెట్టేది ప్రాణం. అయినా మొహమాటపడేది నేనే! ఆయన ఆలస్యానికి నొచ్చుకుంటాను, కానీ జరగను. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చనే నా వాదన.

ఆ స్టీరింగు వెనక నేనూ కూర్చుంటాను మరి. దిగేటప్పుడు తలుపు కుడిచేత్తో తీస్తాను. 2022 నుంచి బ్రిటన్ హైవే కోడ్ చెప్తున్నదీ ఇదే, తలుపుకి దూరంగా ఉన్న చేత్తో తీయమని. ఒళ్ళు తిరిగితే చూపూ వెనక్కి తిరుగుతుంది.