మతం చెప్పని బడిలో నీతి

చార్మినార్ నుంచి పడమరకు సాగే లాడ్ బజార్ లక్కగాజులకు పేరు. లక్కను నిప్పుల సెగపై మెత్తబరిచి, వేడి చల్లారకముందే ఒక్కో రాయినీ చేత్తో అద్దాలి. ఇలాంటి పనిలో పిల్లల చేతులూ కలుస్తుంటాయి. ఆ చేతులకు పుస్తకం అందించాల్సింది పాతబస్తీలోని సర్కారు హైస్కూలే. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మరి దేవుడి మాట ఎత్తని చోట నీతి అలవడుతుందా? అలవడుతుందనే నా వాదన. ఎదుటివాణ్ణి సమానుడిగా చూసే అలవాటే నీతికి మొదటి మెట్టు. మధ్యాహ్న భోజనానికి ఒకే వరుసలో కూర్చోవడం, ఉర్దూ మీడియమైనా తెలుగు మీడియమైనా ఒకే పదో తరగతి పరీక్షకు సిద్ధపడడం ఆ అలవాటుకు సాధన.

భక్తి లేని నీతికి వేరుండదని కొందరంటారు. ఆ వేరు ఇంట్లో, మసీదులో, గుడిలో ఉండనే ఉంది. బడి దాన్ని పెకలించడం లేదు. పరాయి పిల్లలకూ అదే న్యాయం దక్కాలన్న పాఠం మాత్రం పరాయివాళ్లు లేని ఇంట్లో పూర్తికాదు. వాడంతా ఒకే మతమైతే బడిలో కలయిక ఎక్కడిదన్న ప్రశ్న ఇంకా బలమైనది. కానీ దుకాణదారు కొడుకుకీ కూలి కూతురికీ మధ్య దూరం మతంకన్నా తక్కువదేమీ కాదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత విద్యను హక్కు చేసిన 2009 చట్టం ఆ దూరాన్నీ లెక్కలోకి తీసుకుంది. బడిలో ఆ దూరం తగ్గేది చదువు చెప్పేవాళ్లుంటేనే. అందుకే రెండు మీడియంలకూ చాలినంతమంది టీచర్లను నియమించడం పాలనా వ్యవహారమే కాదు, మనందరి ధర్మం కూడా.