నిందకు ముందు దయ

రోగియందు దోషమును వెదకుట మొదటి ధర్మమా, బాధను తీర్చుట మొదటి ధర్మమా? దీర్ఘకాలపు క్లోమవ్యాధి విషయమున ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పక తప్పదు.

కడుపునొప్పితో మెలికలు తిరుగువానిని చూచి లోకము "త్రాగుబోతు" అని తేలికగా అనును. మద్యము, పొగాకు ఈ వ్యాధికి కారణములగుట నిజమే. కాని వానిని ముట్టని యువకులకును ఇది వచ్చును. ఉష్ణదేశములందు కనబడు క్లోమవ్యాధికిని స్పింక్-1 అను జన్యువునందలి మార్పునకును సంబంధము కలదని హైదరాబాదు శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిరి. పుట్టుకతో వచ్చినదానికి నింద యెవరిపై?

క్లోమమునకు రెండు కాయకములు కలవు: అన్నమును జీర్ణము చేయు రసము నిచ్చుట, ఇన్సులిన్ నిచ్చుట. రెండవ పని చేయు కణముల గుంపులను 1869లో పాల్ లాంగర్‌హాన్స్ కనుగొనెను. ఈ పుటికలు గ్రంథి బరువులో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. నొప్పి ఏ చికిత్సకును లొంగనప్పుడు కొందరికి క్లోమమునంతను తీసివేయుదురు. అప్పుడు మధుమేహము తప్పదు గనుక, 1977లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ వైద్యులు తీసిన క్లోమమునుండి పుటికలను వేరుచేసి ఆ రోగి కాలేయమునందే నిలిపిరి. స్వంత కణములగుటచే శరీరము వానిని పరాయివని త్రోసివేయదు.

అయినను అవి బ్రతికి నిలుచుట సులభము కాదు. వేరుచేయునప్పుడు రక్తనాళములు తెగును. క్రొత్తవి మొలచువరకు ప్రాణవాయువు చాలదు. రక్తము తాకగానే వాపు పుట్టి పెక్కు కణములు మొదటి దినములలోనే నశించును. కావున వైద్యులు రక్తము గడ్డకట్టకుండ మందిత్తురు. కొంతకాలము బయటినుండి ఇన్సులిన్ ఇచ్చి, క్రొత్తచోటికి వచ్చిన కణములకు విశ్రాంతి కల్పింతురు. అలసినవానిపై భారము మోపరాదను నీతి ఇక్కడను కనబడుచున్నది.

కాని ఈ నష్టము శస్త్రచికిత్స నాడే ఆరంభము కాదు. క్లోమమునందలి వాపు పుటికల పనిని చెరచుచున్నదని హైదరాబాదులోని ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ పరిశోధకులు 2016లో తెలిపిరి. గ్రంథి గట్టిపడినకొలది దొరకు పుటికలు తగ్గును. బీర్పూరు వంటి ఊరిలో ఒక కుటుంబము అపవాదుకు వెరచి బిడ్డ నొప్పిని ఏండ్లతరబడి దాచినచో, ఆ మౌనమున నశించునవి ఈ కణములే. ఈ శస్త్రచికిత్స అందరికి అవసరము కాదు. చేసినవారందరును ఇన్సులిన్ మానలేరు. అయినను నిపుణుని కాలమున దర్శించిననే తగిన మార్గము తెలియును.

మరి నిజముగా త్రాగినవాని మాటయేమి? మద్యము మానుమని చెప్పుట హితము; మానువరకు దగ్గరకు రానీయకుండుట హితము కాదు. బసవేశ్వరుని బోధలో దయకు అగ్రస్థానము. కల్యాణమున శరణులు కులము నడిగి ఆదరింపలేదు. వ్యాధికారణము నడిగి ఆదరించుట మనకేల? రోగికి తోడుగా ఆసుపత్రికి ఒకరిని పంపుట, అతడు లేనినాడు పొలముపని చూచుట, ఇంటివారికి అన్నము పెట్టుట: మఠములకు, భక్తులకు ఇంతకంటె దాసోహము వేరొకటి లేదు.