పేర్లు చూడకముందే ప్రశ్నలు రాసుకో

చిన్నా,

నువ్వు టీమ్ లీడ్ అయ్యావని, వచ్చే సోమవారం నుంచి కొత్తవాళ్ళ ఇంటర్వ్యూలు నడిపేది నువ్వేనని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. కానీ సంక్రాంతికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని ఫోన్లో నువ్వన్న మాట నా చెవిన పడింది. "కుర్రాడికి సబ్జెక్ట్ ఉంది గానీ మన టీమ్‌లో ఇమడడు, నోరు విప్పగానే తెలిసిపోయింది" అన్నావు. పండగపూట ఎందుకులే అని ఊరుకున్నాను. ఆ మాట మాత్రం నన్ను వదలడం లేదు.

తాతయ్య దగ్గర డబ్బుల్లేక మీ నాన్న చదువు ఇంటర్‌లోనే ఆగిందని నీకు తెలుసు. ఆ ఏడాది ఇల్లంతా నాకు రాబోయే జీతం మీదే ఆశ పెట్టుకుంది. ఒక ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కాను. ఇంటర్వ్యూకి పాలకొండలో తెల్లవారుజాము బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళాను. ముందు ఏ ఊరన్నారు. నాన్నేం చేస్తారన్నారు. ఇంటిపేరు రెండుసార్లు అడిగారు. ఒక ప్రశ్న సరిగ్గా వినపడక "ఏటండి?" అన్నాను. ఇద్దరు మొహామొహాలు చూసుకుని నవ్వుకున్నారు. ఆఖర్న పెళ్ళెప్పుడన్నారు. అది లెక్కలు రాసే ఉద్యోగం. లెక్కల గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఉద్యోగం రాలేదు. మీ నాన్న కాలేజీ మానేసి కొట్లో పనికి కుదిరాడు.

వాళ్ళకి నా మీద కక్షేమీ లేదు. తమలా మాట్లాడేవాడు చురుకైనవాడిలా కనిపించాడు, నేను ఇమడనిదానిలా కనిపించాను. అంతే. పక్షపాతం చూపిస్తున్నానని తెలిసినవాడు ఒక్కక్షణమైనా జంకుతాడు. తెలియనివాడు జంకడు. నాకు నీ గురించి ఉన్న భయం అదే.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. చదువు, అనుభవం సమానంగా ఉంచి పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు ఉద్యోగాలకి దరఖాస్తులు పంపి చూశారు పరిశోధకులు సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. అగ్రవర్ణ హిందువు పేరుతో పోలిస్తే పిలుపొచ్చే అవకాశం దళితుడి పేరుకి సుమారు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకి మూడో వంతు. మనిషిని చూడలేదు, గొంతు వినలేదు. పేరొక్కటే చూశారు.

ఈ రోజుల్లో గోడల నిండా సమానత్వం పోస్టర్లు, లోపల చూస్తే రిఫరల్స్. మనూరివాడు, మన కాలేజీవాడు అంటూ వాట్సాప్‌లో రెజ్యూమేలు తిరుగుతున్నాయి. కంప్యూటర్‌కి అప్పజెబితే తేడా పోతుందంటారు. అమెజాన్ తయారుచేయించుకున్న ప్రోగ్రామ్ పదేళ్ళ పాత రెజ్యూమేలు చూసి నేర్చుకుని, ఆడవాళ్ళ క్లబ్బు, ఆడవాళ్ళ కాలేజీ అని రాసి ఉంటే మార్కులు తగ్గించిందట. 2018లో ఆ సంగతి బయటపడింది. మనం చేసిందే అదీ నేర్చుకుంది.

ప్రభుత్వ ఉద్యోగాల్లో అయితే, గెజిటెడ్ కాని వాటికి కేంద్రం 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1కీ ఎత్తేసింది. మీ కంపెనీలో అది నీ చేతిలో లేదు. నీ చేతిలో ఉన్నవి చెబుతాను, విను.

రెజ్యూమేలు తెరవకముందే ఆ ఉద్యోగానికి ఏం రావాలో కాగితం మీద రాయి. పేరు, ఫోటో, ఊరు, కాలేజీ కనపడకుండా పంపమని హెచ్ఆర్‌ని అడుగు. రిఫరల్ వచ్చినా అదే వరసలో నిలబెట్టు. అందరికీ అవే ప్రశ్నలు, అదే క్రమంలో వెయ్యి. ఊరు, ఇంటిపేరు, పెళ్ళి, తండ్రి ఉద్యోగం అడక్కు, పక్కవాణ్ణి అడగనివ్వకు. జవాబు జవాబుకీ మార్కులేసి, ఆ తర్వాతే మిగతావాళ్ళతో మాట్లాడు. "ఇమడడు" అనిపిస్తే ఏ పని చేయలేడో రాయి. రాయలేకపోతే ఆ మాట కొట్టేసి, మార్కుల ప్రకారం తీసుకో.

సంక్రాంతినాడు నువ్వు కాదన్న ఆ కుర్రాడి ఫైలు ఇంకా మూసెయ్యకపోతే, మళ్ళీ పిలిచి పని అడుగు. ప్రశ్నల కాగితం శనివారంలోగా నాకు పంపు.

మీ మేనత్త