నిగ్రహం ఎక్కువైనప్పుడు

మన సంఘం పండుగ భోజనాలలో రెండు మాటలు తప్పకుండా వినబడుతూ ఉంటాయి. "ఇంకొంచెం వేసుకోమ్మా, మొహమాటపడకు" అన్నది మొదటిది. కాస్సేపటికి అదే అమ్మాయితో "ఏమ్మా, ఈ మధ్య కాస్త ఒళ్లు చేశావే" అన్నది రెండవది. రెండూ ఆప్యాయంగా అనే మాటలే. మేమూ ఎన్నోసార్లు అన్నవాళ్లమే. మా అమ్మాయి జబ్బుకు ఈ మాటలే కారణమని అనం. ఎన్నో కలిసి తెచ్చిపెట్టే జబ్బు అది. కాని ఆ మాటలు విన్నప్పుడల్లా ఆ పిల్ల మనసు ఎంత కుంగిపోయేదో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం.

జబ్బు పేరు బులీమియా నెర్వోసా. మొదటి మాటకు గ్రీకు భాషలో మూలార్థం 'ఎద్దు ఆకలి'. దీన్ని విడిగా గుర్తించి, పేరు పెట్టి, 1979లో వైద్యలోకానికి తెలియజేసినవారు లండను రాయల్ ఫ్రీ ఆసుపత్రి మనోవైద్యులు జెరాల్డ్ రస్సెల్ గారు. ఆపుకోలేక కొద్దిసేపట్లో చాలా ఎక్కువగా తినడం, వెంటనే లావైపోతామన్న భయంతో వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు మింగడం, లేదా పస్తులుండడం దీని లక్షణాలు. బరువు చాలామందిలో మామూలుగానే ఉంటుంది గనుక ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. మగపిల్లలకూ వస్తుంది.

1995లో యువరాణి డయానా తనకీ జబ్బు ఉండేదని బి.బి.సి. టెలివిజనులో చెప్పినప్పుడు, ఇదేదో దొరల ఇళ్ల జబ్బు అనుకున్నాం. మేమిద్దరం వైద్యవృత్తిలో ఉన్నవాళ్లమే. అయినా, పండక్కి చేసిన సున్నుండల డబ్బా రాత్రికి రాత్రి ఖాళీ అయినా, భోజనం కాగానే స్నానాల గదిలో కొళాయి చప్పుడు వినబడినా మాకు తట్టలేదు. ముందు పళ్లు లోపలివైపు అరిగిపోయాయని పళ్ల డాక్టరు చెప్పాకనే అమ్మాయిని అడిగాం.

ఆ రోజు మా నోట వచ్చిన మొదటి మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "తిన్న అన్నాన్ని పారబోసుకుంటావా? ఆపాటి నిగ్రహం లేదా?" అన్నాం. అన్నాన్ని పరబ్రహ్మమని నేర్చుకున్నవాళ్లం. తిండి విషయంలో మనకు పుణ్యపాపాల లెక్క ముందు వస్తుంది. పెట్టినవాడు పుణ్యాత్ముడు, ఉపవాసమున్నవాడు నిష్ఠాపరుడు, పారేసినవాడు పాపి. మరి ఆపుకోలేక చేసిన పనికి మనిషిని దోషి అనవచ్చునా?

జవాబు మాకు చికిత్స దగ్గర దొరికింది. ఆక్స్‌ఫర్డులో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ గారు 1980ల నుండి రూపొందించిన మాటల వైద్యం ఈ జబ్బును ఒక చక్రంగా చూస్తుంది. తిండికి కఠినమైన నియమాలు పెట్టుకుంటారు. కడుపు మాడి ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఒక బిస్కట్టుతో నియమం తప్పుతుంది. 'ఎలాగూ వ్రతం చెడింది' అని కనబడినదంతా తింటారు. తరువాత వాంతి, ఆ వెంట సిగ్గు, మరునాడు మరింత కఠినమైన నియమం. అంటే మా అమ్మాయికి నిగ్రహం తక్కువై కాదు, ఎక్కువై ఈ స్థితి వచ్చింది. మేము చేసిన మందలింపు ఆ చక్రాన్ని ఇంకొంచెం వేగంగా తిప్పింది.

అందుకే చికిత్సలో మొదటి మెట్టు వేళకు తినడం. మూడు పూటలా భోజనం, మధ్య రెండు మూడుసార్లు చిరుతిండి. ఏమి తిన్నదీ, అప్పుడు మనసు ఎలా ఉన్నదీ రాసుకోవాలి. బరువు వారానికి ఒక్కసారే చూసుకోవాలి. తరువాత, తన విలువను తూకంరాళ్లతో కొలుచుకునే అలవాటు మెల్లగా వదిలించుకోవాలి. ఈ దేశపు 2017 వైద్య మార్గదర్శకాల ప్రకారం పిల్లలకు కుటుంబంతో కలిపి చేసే చికిత్స ముందు. పెద్దలకు సాయంతో కూడిన స్వయంశిక్షణ ముందు, అది చాలకపోతే వారం వారం మాటల వైద్యం. ఫ్లూయోక్సెటిన్ మాత్ర కొందరికి తోడ్పడుతుంది, కాని అదొక్కటే చాలదు. వాంతుల వల్ల రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు గనుక గుండెదడ, స్పృహ తప్పడం వంటివి కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వాంతి అయిన వెంటనే పళ్లు తోమకూడదు, నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

ఇవన్నీ తెలిసి కూడా మేము ఆరు నెలలు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లలేదు. ఎవరికైనా తెలిస్తే రేపు సంబంధాలు రావేమోనన్న భయం. పిల్ల ఆరోగ్యం ఒకవైపు, మా పరువు ఒకవైపు పెట్టి తూచాం. బరువు లెక్కలు చూసుకునే జబ్బు మాకూ ఉన్నట్టే కదా! జబ్బుపడినందుకు ఆమె దోషి కాదు. తెలిసీ ఆలస్యం చేసినది మాత్రం మా దోషమే. చికిత్సకు ఒప్పుకుని, మానేద్దామనిపించిన రోజులలో కూడా వెళ్లినది ఆమె. మనం మెచ్చుకోదగిన నిష్ఠ అదే.

ఇప్పుడు కోలుకున్నది. ఒకసారి మళ్లీ తిరగబెట్టింది. అప్పుడు మాకు తనే చెప్పింది. అది మాకు పెద్ద విషయం.

వచ్చే ఉగాది భోజనాలలో పిల్లల విస్తళ్ల వంకా, ఒంటి వంకా చూడకుండా, "బాగున్నావా తల్లీ" అని అడుగుదాం. ఏ ఇంట్లోనైనా ఇటువంటి బాధ ఉంటే సంఘం కార్యదర్శిగారి ద్వారా కబురు పెట్టండి. మా పేర్లు చెప్పుకుని, వచ్చి కూర్చుని మాట్లాడతాం.

— ఒక తల్లి, ఒక తండ్రి