జాలిమ్ మనవాడైతే

2021 మే 1. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులు. ఫోను మోగితే చాలు, ఎవరింట్లో ఏం జరిగిందోనని గుండె జారేది. ఆ రోజు మా ఉర్దూ మిత్రుల వాట్సప్ గ్రూపులో ఒక చావు వార్త వచ్చింది. బీహార్‌లోని సివాన్ నుంచి నాలుగుసార్లు ఎంపీగా గెలిచిన మహమ్మద్ షహాబుద్దీన్ ఢిల్లీలో కోవిడ్‌తో చనిపోయాడు. అప్పటికి ఆయన తీహార్ జైల్లో యావజ్జీవ ఖైదీ. వార్త కింద ఇన్నాలిల్లాహ్‌లు వరసకట్టాయి. మేమూ అన్నాం. ఎవరి మౌత్ కబురు విన్నా అనవలసిన మాటే అది. ఆ తర్వాత ఎవరో 'ఖౌమ్ కా షేర్' అని పెట్టారు. మన జాతి సింహమట. అక్కడ మా వేలు ఆగిపోయింది.

'సింహం వాత పడ్డవాళ్ల పేర్లు కూడా రాయండి' అని ఒక ముక్క రాశాం. పంపకుండానే చెరిపేశాం. ఎందుకు చెరిపేశామన్నదే ఇక్కడ మా ప్రశ్న.

ఆ రోజు మాకు గుర్తొచ్చినవాడు చంద్రశేఖర్ ప్రసాద్. తోటి విద్యార్థులకు చందు. 1964లో సివాన్ జిల్లా బిందుసార్ గ్రామంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి కౌసల్యాదేవి పెంచింది. తిలైయా సైనిక్ స్కూల్లో చదివి నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాడు. అక్కడే ఉంటే ఆఫీసరయ్యేవాడు. వదిలేసి పాట్నా వచ్చి విద్యార్థి ఉద్యమంలో కలిశాడు. అక్కణ్ణుంచి ఢిల్లీ జేఎన్‌యూకి వెళ్లాడు. ఐసా తరఫున 1993లో విద్యార్థి సంఘానికి ఉపాధ్యక్షుడు, తర్వాత వరసగా రెండుసార్లు అధ్యక్షుడు. వెనకబడిన ప్రాంతాల పిల్లలకు ప్రవేశాల్లో అదనపు పాయింట్లిచ్చే పద్ధతిని జేఎన్‌యూ 1983లో ఎత్తేసింది. విద్యార్థులు పోరాడితే 1994లో అది తిరిగొచ్చింది. ఆ పోరాటంలో ముందు నిలిచినవాళ్లలో చందు ఒకడు.

యూనియన్ నాయకుల్లో చాలామంది చదువులయ్యాక ఏమవుతారో మనకు తెలుసు. టికెట్టు, లేదంటే కాంట్రాక్టు. చందు మాత్రం సివాన్‌కు తిరిగెళ్లాడు. సీపీఐ ఎంఎల్ లిబరేషన్‌లో పూర్తికాలం కార్యకర్తగా సొంత జిల్లా పేదల మధ్యకు పోయాడు.

1997 మార్చి 31న సివాన్ పట్టణం జేపీ చౌక్‌లో వీధిసభ పెట్టారు. బీహార్‌లో సాగుతున్న ఊచకోతలకు, కుంభకోణాలకు వ్యతిరేకంగా ఏప్రిల్ 2న బంద్ తలపెట్టారు. ఆ బంద్ కోసం చందు ప్రచారం చేస్తున్నాడు. తుపాకులతో వచ్చినవాళ్లు పట్టపగలు కాల్చేశారు. చందు పోయాడు. ఆయన సహచరుడు శ్యాం నారాయణ్ యాదవ్ పోయాడు. మూడో శవం భుతేలీ మియాది. ఆయన నాయకుడు కాదు, వక్తా కాదు. ఆ వీధిలో ఉన్న ఒక పేద ముస్లిం.

చంపించింది షహాబుద్దీనేనని తల్లి, పార్టీ, విద్యార్థులు ఎలుగెత్తి చెప్పారు. ఆ కేసులో ఆయనకు శిక్ష పడలేదు. 2012లో సీబీఐ కోర్టు ముగ్గురికి యావజ్జీవం వేసింది. ఆయన అనుచరులని పత్రికలు రాసిన ఆ ముగ్గురిలో హిందూ పేరూ ఉంది, ముస్లిం పేర్లూ ఉన్నాయి. షహాబుద్దీన్‌కు యావజ్జీవ శిక్షలు పడింది వేరే కేసుల్లో. 2007లో అదే పార్టీ కార్యకర్తను అపహరించిన కేసు. 2015లో ఒక వ్యాపారి కొడుకులిద్దర్ని చంపిన కేసు. కోర్టులు చెప్పిన దానికి మించి మేమేమీ కలపడం లేదు. సింహం సంగతి తెలియడానికి అంతే చాలు.

మరి ఇంత తెలిసీ మేమెందుకు చెరిపేశాం?

మా భయం ఉత్తది కాదు. 1989లో భాగల్‌పూర్ మారణకాండలో వెయ్యిమంది దాకా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు ముస్లింలు. పోలీసుల్ని నమ్మలేని స్థితి. మూడేళ్లకు బాబ్రీ మసీదు కూలింది. అలాంటి కాలంలో బీహార్ ముస్లింకు తుపాకీ పట్టిన మనవాడు కొండంత అండగా కనబడితే, ఎక్కడో హైదరాబాద్‌లో కూచుని వెక్కిరించడం తేలిక. ఇంకో సంగతి కూడా ఉంది. ఎక్కడ ఏ ముస్లిం తప్పు చేసినా మమ్మల్ని సంజాయిషీ అడుగుతారు. ఆఫీసులో, రైల్లో, టీ కొట్టు దగ్గర ఒకటే ప్రశ్న. 'మీవాళ్లు దీన్ని ఖండించరేం?' అడిగి అడిగి ఖండన అన్న మాటకే మా నోట్లో చేదు పుట్టించారు. నిజం చెప్పినా అది వాళ్లకు రాసిచ్చిన క్షమాపణ పత్రంలాగా తయారవుతుంది. అందుకని నోరు మూసుకుంటాం. దానికి 'ఇంటిగుట్టు' అని పేరు పెట్టుకుంటాం.

మేం పెరిగిన బస్తీలోనూ ఒక భాయ్ ఉండేవాడు. కర్ఫ్యూ రాత్రుల్లో గల్లీ మొగలో పదిమంది కుర్రాళ్లతో కాపలా కాసేవాడు. అమ్మీ ఆయన కోసం చాయ్ పంపేది. 'ఆయనుండబట్టి కంటికి కునుకు పడుతోంది' అనేది. గొడవలు సద్దుమణిగిన నాలుగు నెలలకు అదే భాయ్ మా వెనకింటి బేవా ఖాలా గదిని ఆక్రమించి తాళం వేశాడు. ఆమె ఇంటింటికీ తిరిగి ఏడ్చింది. ఎవరూ నోరు మెదపలేదు. 'రేపు మళ్లీ కర్ఫ్యూ వస్తే ఎవరు దిక్కు?' అన్నారు. ఖాలా సామాను బండి మీద వేసుకుని వెళ్లిపోతుంటే మేం కిటికీలోంచి చూశాం. కాపలాకు కిరాయి కట్టింది బస్తీ అంతా కాదు, ఆవిడ ఒక్కతే.

సివాన్‌లోనూ కిరాయి పేదలే కట్టారు. ఎర్రజెండా భూపోరాటాలంటే బెదిరిన భూస్వాములు హిందువులైనా సరే షహాబుద్దీన్ పంచన చేరారని అక్కడికెళ్లిన విలేకరులు రాశారు. అంటే సింహం కాపాడింది ఖౌమ్‌నా, పొలాలనా? 1996 జూలై 11న భోజ్‌పూర్ జిల్లా బథానీ టోలాలో రణవీర్ సేన 21 మందిని చంపింది. ఆడవాళ్లు, పసిపిల్లలే ఎక్కువ. దళితులతో పాటు ముస్లింలూ ఉన్నారందులో. ఏడాదైనా తిరక్కముందే చందు బంద్‌కు పిలుపిచ్చింది ఇలాంటి ఊచకోతల మీదే. మన చావుల గురించి నడిబజార్లో మాట్లాడుతున్న ఒక హిందూ ఇంటి బిడ్డ నేలకొరిగాడు. అతని పక్కనే ఒక మియా నేలకొరిగాడు. ఇందులో 'మనవాడు' ఎవరు? పేరును బట్టి చెప్పమంటారా, పక్షాన్ని బట్టి చెప్పమంటారా?

దీన్ కూడా మన మౌనానికి సాకు ఇవ్వదు. నీ సోదరుడు జాలిమ్ అయినా మజ్లూమ్ అయినా అతనికి తోడ్పడమన్నారు రసూల్. మజ్లూమ్‌కు తోడ్పడటం తెలుసు, జాలిమ్‌కు ఎలా తోడ్పడాలని సహాబాలు అడిగారు. అతని చేయి పట్టి ఆపడమే తోడ్పాటని జవాబు. ఈ హదీసు మా ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. మనం మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశాం.

లౌకిక మిత్రులకూ ఒక మాట. ఇది మీరు అడిగారని రాస్తున్నది కాదు. మీరు షహాబుద్దీన్ పేరును మా అందరి నుదుట అంటించడానికి వాడుకుంటే భుతేలీ మియాను మీరూ మరిచిపోయినట్టే. బథానీ టోలా కేసులో కింది కోర్టు శిక్షించిన 23 మందినీ 2012 ఏప్రిల్‌లో పాట్నా హైకోర్టు విడిచిపెట్టింది. ఆ రోజు ఏ కులాన్ని, ఏ మతాన్ని ఎవరు సంజాయిషీ అడిగారు? మమ్మల్ని బోనులో నిలబెట్టి అడిగితే మేం చెప్పం. సాక్షులుగా చెప్పాల్సి వస్తే ఎవరూ అడక్కుండానే చెప్పాలి. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియకే మేం ఆ రోజు చెరిపేశాం. మాది పిరికితనమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాం.

కౌసల్యాదేవి అంత తికమక పడలేదు. కొడుకు పోయాక ప్రభుత్వం లక్ష రూపాయల డ్రాఫ్టు పంపిస్తే తిప్పికొట్టింది. ఆమెకు కావలసింది హంతకులకు శిక్ష. చదువు, పదవి, పలుకుబడి లేని పల్లెటూరి తల్లికి ఉన్న స్పష్టత, రెండు భాషల్లో రాసుకు బతికే మాకు లేకపోయింది.

కొన్నాళ్లకు మార్చి 31 వచ్చింది. అదే గ్రూపులో మూడు పేర్లు పెట్టాం. చంద్రశేఖర్, శ్యాం నారాయణ్ యాదవ్, భుతేలీ మియా. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. ఒకరు 'దుష్మన్ల చేతికి కర్ర ఇస్తున్నారు' అని రాశారు. రాత్రి ఇషా నమాజు తర్వాత పెద్దాయనొకరు ఫోను చేశారు. తిడతారేమో అనుకున్నాం. 'బేటా, ఆ భుతేలీ మియా ఎవరు? ఆయన ఇంటివాళ్లను ఎవరైనా చూసుకున్నారా?' అని అడిగారు.

మా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లు సింహం గురించి వాదించుకున్నాం గానీ, ఆ ఇంటి గురించి ఎవరం అడగలేదు.